సుక్కి వెనుక స్నాతకోత్సవం

పరిపాలనా దక్షతను మనుషుల దగ్గర నేర్చుకోవడం సాధ్యం కాదని ప్రభుత్వం అధికారికంగా గుర్తించిన సంవత్సరమది. ఆ గుర్తింపుకు దారితీసిన అనుభవాల జోలికి మనం పోనక్కరలేదు. 'ప్రకృతి ఒడిలో నాయకత్వ పాఠం' అనే పథకం కింద, అధికారులకు శిక్షణ ఇచ్చే ప్రతి సంస్థా తన ఆవరణలో ఏదో ఒక జంతు సమూహాన్ని పోషించాలనీ, అది తన నాయకుణ్ణి ఎలా అనుసరిస్తుందో శిక్షణార్థులు కళ్లారా చూసి అలవరచుకోవాలనీ ఉత్తర్వు వెలువడింది. పలుకుబడి గల సంస్థలు ఏనుగులకు అర్జీ పెట్టుకున్నాయి. మధ్యరకం సంస్థలు తేనెటీగలతో సరిపెట్టుకొని, మొదటి పాఠం పూర్తికాకముందే ఆసుపత్రిలో చేరాయి. నల్లగుట్ట పాదాన వెలసిన పరిపాలనా శిక్షణా పీఠానికి మాత్రం విధి మేకలను రాసిపెట్టింది.

రాసిపెట్టిందనడం కూడా అతిశయోక్తే. అవి అప్పటికే అక్కడున్నాయి. పీఠం కట్టకముందు నుంచీ ఆ గుట్టమీద ఐలవ్వ మేకలు మేస్తున్నాయి. పీఠం వచ్చాక వాటిని తరిమికొట్టడమే కాపలాదారుల ప్రధాన వ్యాయామంగా ఉండేది. ఉత్తర్వు అందిన నాడు పీఠ సంచాలకులు డాక్టర్ జలంధరరావు ఐలవ్వను తమ గదికి పిలిపించి, ఆమె కూర్చోకపోయినా కూర్చున్నట్టే భావించి ప్రసంగించారు.

"అమ్మా, నేటి నుండి నీ మేకలు మేకలు కావు. అవి సజీవ పాఠ్యగ్రంథములు."

"గట్లనే కానియ్యిండ్రి సారూ. మల్ల గుట్ట మీద మేపనిస్తరా లేదా?"

"మేయుట కూడా పాఠ్యాంశమే."

"ఎవలు తరమరు గద?"

"తరుముట పాఠ్యప్రణాళికలో లేదు."

"గదైతే మంచిదే" అని ఐలవ్వ ఒప్పుకుంది. మేకలకు పీఠం సేవా నియమావళి వర్తిస్తుందన్న మాటను కూడా సంచాలకులు ఆమెకు చదివి వినిపించారు. సేవా నియమావళి అంటే మెడకు కట్టేదో, పొట్టకు పెట్టేదో తెలియక ఆమె దానికీ తలూపింది.

ఆ మందలో ఇద్దరు ప్రముఖులుండేవారు. ఒకరు సుక్కి. నుదుట తెల్లని చుక్క, గొంతు కింద రెండు పులిపిరులు, ఒక చెవికి పాత చిరుగు కలిగిన ముసలి మేక. పొద్దున తడక తీయగానే ఆమె బయటికి వచ్చి గాలి వాసన చూసి ఒక దిక్కుకు నడిచేది. మంద మొత్తం ఆ దిక్కుకు నడిచేది. చినుకు పడితే ఆమె ముందు మళ్లేది, మంద మళ్లేది. ఐలవ్వ నమ్మకం ప్రకారం సుక్కి గతజన్మలో తన అత్తగారు. "మా అత్త గూడ గింతే. ముందల నడుసుడే గని, ఎనక కోడలున్నదా సచ్చిందా అని సూసిన పాపాన పోలె" అని ఆమె అడిగినవారికీ అడగనివారికీ చెప్పేది. అత్త చచ్చిపోయిన వానాకాలంలోనే సుక్కి పుట్టిందన్నది ఆమె చూపే సాక్ష్యం. బతికున్న అత్తకు పెట్టని సద్దరొట్టెను ఈ అత్తకు మాత్రం తన చేత్తో విరిచి తినిపించేది.

రెండవ ప్రముఖుడు పోతు. వెనక్కి మెలికలు తిరిగిన కొమ్ములు, మోకాళ్లదాకా గడ్డం. ఐలవ్వ అతణ్ణి గబ్బుపోతు అనేది. పీఠం అతనికి అజేంద్రుడని నామకరణం చేసింది.

మొదటి పాఠం నాడు శిక్షణార్థులు టోపీలు ధరించి, దూరదర్శినులు పట్టుకొని గుట్ట ఎదుట నిలబడ్డారు. మంద బయలుదేరింది. ముందు సుక్కి, ఆమె వెనుక ఆడమేకలూ పిల్లలూ, అందరికంటే వెనుక అజేంద్రుడు. ఒక్కొక్క మేక వెనుకా ఆగి వాసన చూసి, పై పెదవిని ముక్కుమీదికి మడిచి, తల ఎత్తి ఆకాశంలోకి చూస్తూ ఆయన నడుస్తున్నాడు.

"నాయకుడెవరు?" అని సంచాలకులు ప్రశ్నించారు.

"ముందు నడుస్తున్న ఆ ముసలి మేక సర్" అన్నాడొక శిక్షణార్థి.

"నా కారులో ముందు కూర్చునేది డ్రైవరు. డ్రైవరు నాయకుడా?"

ఆ శిక్షణార్థి వెంటనే తన దూరదర్శినిని ముసలి మేక మీది నుంచి తప్పించాడు.

అప్పుడు ఉప సంచాలకురాలు నిరుపమాదేవి ముందుకు వచ్చారు. ఆమె రెండు విశ్వవిద్యాలయాల్లో నాయకత్వం చదివిన విదుషి. ఆ చదువును ప్రయోగించడానికి తగిన కుర్చీ మాత్రం ఆమెకు ఇంకా దొరకలేదు. "సర్, కొమ్ములు చూడండి. గడ్డం చూడండి. ఆ గాంభీర్యం చూడండి. అజేంద్రుడే నాయకుడన్నది నిర్వివాదం. కాగా ఆయన వెనుక ఉన్నారు. కనుక నాయకుని స్థానం వెనుక. ప్రపంచం ఇంతకాలం పొరబడింది."

సంచాలకులు గొప్ప సత్యం తమ ఆవరణలోనే బయటపడినందుకు పులకించారు. అయినా నిర్ధారణ కోసం ఐలవ్వను పిలిచారు.

"ఏమ్మా, ఆయన వెనుక నడవడంలోని ఆంతర్యమేమిటి?"

"ఆంతర్యం లేదు, గీంతర్యం లేదు సారూ. ఆడమేకల వాసన వట్టుకొని తిరుగుతడు. గాడికి ఇంకేం పనున్నది?"

"క్షేత్రస్థాయి సమాచార సేకరణ" అన్నారు నిరుపమాదేవి.

"మరి ఆకాశంకేసి చూచుట?"

"దూరదృష్టి సర్."

అదే సమయంలో అజేంద్రుడు ఆగి, మెడ వంచి, తన మూత్రాన్ని తన గడ్డం మీదికే చిమ్ముకున్నాడు. ఎదకు వచ్చిన కాలంలో ప్రతి పోతూ చేసే అలంకారమే అది. గాలి శిక్షణార్థుల వైపు తిరిగింది. ముందు వరుస వెనుక వరుసగా మారింది. సంచాలకులు మాత్రం చలించలేదు. "గమనించితిరా? తన రాకను ఇతరులు ప్రకటించే వరకు నిరీక్షించలేదు. తన కీర్తిని తానే వెదజల్లుకొనుచున్నాడు. ఇది అనుభవజ్ఞులైన నాయకులందరిలో నేను చూచిన లక్షణమే."

ఆ విధంగా 'పశ్చాన్నాయకత్వ సిద్ధాంతం' జన్మించింది. పశ్చాన్నాయకత్వమనగా వెనుక నుండి నడిపించుట. పీఠంలో హోదా తక్కువవారు ముందు, ఎక్కువవారు వెనుక నడవాలనీ, ఎవరైనా తమ కింది ఉద్యోగిని దాటి ముందుకు పోతే తమ పదవిని తామే తగ్గించుకున్నట్టు భావించబడుతుందనీ మరునాడే ఆదేశం వెలువడింది.

దాని ఫలితాలు వెంటనే కనిపించాయి. వరండాలో సంచాలకులు ఎదురైతే ఉద్యోగులు నమస్కరించి పక్కకు తప్పుకొనే ఆచారం పోయి, నమస్కరించి ఆయన ముందు పరుగెత్తే ఆచారం వచ్చింది. కారులో పెద్దలు మొదటినుంచీ వెనుకే కూర్చుంటున్నారు కనుక అక్కడ పూర్వులు ఈ సిద్ధాంతాన్ని తెలియకుండానే పాటించారని తేలింది. కొత్త గ్రంథాలయం ప్రారంభోత్సవంలో రిబ్బను కత్తిరించవలసిన పెద్దమనిషి అందరికంటే వెనుక ఉండిపోవడం వల్ల, ఆయన కంటే చిన్నవాళ్లంతా ఆ రిబ్బను కింద నుంచి వంగి లోపలికి వెళ్లి, లోపలి నుంచి చప్పట్లు కొట్టారు. ఒకే పూట ఉద్యోగంలో చేరిన ఇద్దరు సహాయ సంచాలకులు మూత్రశాల గుమ్మం దగ్గర తారసపడి, 'తమరు ముందు' అంటే 'తమరే ముందు' అనుకుంటూ చాలాసేపు నిలబడి, చివరికి ఇద్దరూ సెలవు పెట్టి వేర్వేరు గేట్ల గుండా ఇళ్లకు వెళ్లారు. మధ్యాహ్న భోజనంలో మాత్రం అందరికంటే వెనుక నిలబడిన సంచాలకులకు మొదటిరోజే అడుగంటిన పప్పు దక్కింది. భోజనశాల ఆవరణకు సిద్ధాంతం వర్తించదని ఆ సాయంత్రమే సవరణ వచ్చింది.

సిద్ధాంతం ఖ్యాతి రాజధానికి పాకింది. ఇతర సంస్థలవారు చూడవచ్చారు. వచ్చినవారందరికీ అజేంద్రుణ్ణి, గాలి ఎదురుగా లేని వైపు నుంచి, చూపించేవారు. చిక్కంతా వారు వెళ్లేముందు అడిగే ప్రశ్నతో వచ్చింది.

"అంతా బాగుంది. ఆ ముందున్నది ఎవరు?"

ముందున్నది సుక్కి. ఆమె ఎవరో సిద్ధాంతంలో లేదు. ఆమె ఆగితే మంద ఆగడం, అజేంద్రుడూ ఆగడం ప్రతి సందర్శకుడి కంటా పడుతున్నది. సిద్ధాంతానికి ఒదగని వాస్తవాన్ని ఏం చేయాలన్న దాని మీద పీఠానికి దీర్ఘమైన అనుభవం ఉన్నది. సుక్కి వయసును పరీక్షించడానికి ఒక సంఘం ఏర్పడింది. మేక వయసు పళ్లలో ఉంటుంది. సంఘం ఆమె నోరు తెరిచి చూసి, ముందుపళ్లు అరిగి, కొన్ని ఊడిపోయినందున ఆమె పదవీ విరమణ వయసు దాటిందని తేల్చింది. ఆ నివేదికను ఆమోదించిన జలంధరరావుగారు తాము మూడవ పొడిగింపులో ఉన్నారు. వారివి పెట్టుడు పళ్లు కనుక అరగలేదు.

సేవా నియమావళి ప్రకారం, విరమణ పొందిన పశువును సంస్థ తన విందు నిమిత్తం వినియోగించుకొనవచ్చును. స్నాతకోత్సవం దగ్గర పడుతున్నది. రాజధాని నుంచి పథక రూపకర్త, ముఖ్య సలహాదారు స్వయంగా విచ్చేస్తున్నారు. కాబట్టి వేదిక మీద సుక్కికి శాలువా కప్పి, దండ వేసి, ఆమె సేవలను కొనియాడి, పిమ్మట బిర్యానీ వడ్డించాలని నిర్ణయమైంది. ఆమెను మందలోంచి వేరుచేసి వంటశాల వెనుక కట్టేశారు.

ఐలవ్వ సంచాలకుల గదిలోకి ఎవరి ముందో, ఎవరి వెనుకో చూసుకోకుండా దూసుకువచ్చింది.

"సారూ, మా అత్తను కోసి కూర వండుతనంటే నేనెట్ల ఊకుంట?"

"మీ అత్తగారు మా సిబ్బందిలో లేరే!"

"సుక్కే మా అత్త!"

"అటులైతే మరీ అభ్యంతరకరము. దగ్గరి బంధువులు ఒకే సంస్థలో పనిచేయుట నిబంధనలకు విరుద్ధము."

"ముసలిదైందని కోస్తరా? మరి మీకు ఏండ్లు మీదవడలేదా? మీరింక కుర్సీలనే ఉంటిరి గద?"

"నాకు పొడిగింపు ఉన్నది."

"గా పొడిగింపేదో మా అత్తకు గూడ జర ఒకటి ఇయ్యరాదుండ్రి!"

"పొడిగింపు కోరువారు స్వయముగా అభ్యర్థించవలెను."

కిటికీ అవతల, వంటశాల వెనుక నుంచి సుక్కి గట్టిగా అరిచింది. ఆ అభ్యర్థన నిర్ణీత నమూనాలో లేనందున స్వీకరించబడలేదు.

"గట్లైతే నా మందను నేను తోల్కపోత."

"పాఠ్యగ్రంథములను ఆవరణ దాటించరాదు."

ఐలవ్వ కొంగు బిగించి, వంటశాల వెనుకకు వెళ్లి, సుక్కి పక్కన కూర్చుంది. వంటమాస్టరు ఖాజా ఆమెను లేవమనలేదు. "నేనేం జెయ్య అవ్వా, మసాలా నూరుమన్నరు, నూరుతున్న. శాలువా కప్పినంకనే కత్తి వెట్టాల్నట. గప్పటిదాక కూసో" అన్నాడు.

ఇక అక్కడ మంద పరిస్థితి ఇలా ఉన్నది. తడక తీశారు. ఒక్క మేకా బయటికి రాలేదు. శిక్షణార్థులు అజేంద్రుణ్ణి కొమ్ములు పట్టి ముందుకు లాగారు. ఆయన వదిలించుకొని ఆడమేకల వెనుకకు పోయాడు. ఆయన తమ వెనుకకు రాగానే ఆడమేకలు తిరిగి ఆయన వెనుకకు పోయాయి. ఆ విధంగా మంద దొడ్డి నడుమ గుండ్రంగా తిరగసాగింది. నిరుపమాదేవి దాన్ని 'వృత్తాకార పురోగతి' అన్నారు. మేత కోసి నేలమీద పరిచారు. మేక ఏదిపడితే అది తింటుందన్నది మేకను ఎన్నడూ పెంచనివారి విశ్వాసం. తలెత్తి కొమ్మ అందుకొని లేత చిగురు కోసుకు తినే ఆ జాతి, కాళ్ల కింద పడి తొక్కిన గడ్డిని మూతితోనైనా తాకదు. పొట్టలు లోపలికి పోయాయి. పిల్లలు పాలులేక అరిచాయి. వంటశాల వెనుక కూర్చున్న ఐలవ్వకు ఒక చెవిలో పిల్లల అరుపు, ఒక చెవిలో రోటి చప్పుడు. సుక్కితో పాటు మిగతావీ మిగలవని ఆమెకు అర్థమైంది.

స్నాతకోత్సవం రోజు వచ్చింది. ఎండ నిప్పులు చెరుగుతున్నది. పచ్చిక బయలు నుంచి సభామందిరం దాకా ఊరేగింపు. నల్లని అంగీలు ధరించిన శిక్షణార్థులూ, ఆచార్యులూ, అధికారులూ వరుస కట్టారు. అందరికంటే వెనుక, సిద్ధాంత గౌరవంతో, ముఖ్య సలహాదారు నిలబడ్డారు. బ్యాండు మోగింది. ఎవరూ కదలలేదు.

కదలాలంటే అందరికంటే అధముడు ముందు నడవాలి. అధముడెవరు? శిక్షణార్థులు ఒకే పరీక్షలో గట్టెక్కినవారు. ఎవరికి వారే పక్కవాడికంటే పెద్ద. అటెండర్లు కాంట్రాక్టరు మనుషులు. కాంట్రాక్టరు వెనుక లేనిదే వారు నడవరాదు. కాంట్రాక్టరు ఎక్కడుంటాడో పీఠానికి ఎన్నడూ తెలియదు. బ్యాండువాళ్లను ముందు నడవమన్నారు. "మాకు గూడ అసోసియేషన్ ఉన్నది సార్. రేపు మా ఇజ్జత్ ఏంగావాలె?" అని బాకా ఊదేవాడు బాకా దించాడు. బ్యాండు ఆగింది. ఎండ ఆగలేదు. అంగీలలో చెమటలు కాలువలు కట్టాయి. ఇద్దరు ఆచార్యులు స్పృహ తప్పారు. అయినా తమ స్థానాల్లోనే పడ్డారు.

"ఏమి జాప్యం?" అని వెనుక నుంచి ముఖ్య సలహాదారు గర్జించారు. ఆ గర్జన ఒకరి నుంచి ఒకరికి అందుతూ ముందుకు వచ్చేసరికి వినయపూర్వకమైన మనవిగా మారింది.

జలంధరరావుగారి పొడిగింపు ముఖ్య సలహాదారు చేతిలో ఉన్నది. అప్పుడు నిరుపమాదేవి మళ్లీ ఉద్ధరించారు.

"సర్, పదవీ విరమణ చేసి, ఏ హోదా లేనివారు ఈ ఆవరణలో ఒక్కరే ఉన్నారు."

"ఎవరు వారు?"

"వంటశాల వెనుక ఉన్నారు."

మనుషులు పరుగెత్తారు. ఖాజా కత్తి నూరడం ఆపి, "మరి బిర్యానీ ఎట్ల సార్?" అని అడిగాడు. "కాయగూరలతో!" అని కేక వినిపించింది. శాలువా అప్పటికే సిద్ధంగా ఉండడంతో దాన్ని సుక్కికి కప్పారు. దండ వేయబోతే తొందరలో అది జారి మట్టిలో పడింది. సుక్కి దాన్ని వాసన చూసి, ముఖం తిప్పుకుంది.

"ఇప్పుడు నడవమనమ్మా" అని సంచాలకులు ఐలవ్వను వేడుకున్నారు.

"నేనంటే ఇనదు సారూ. నా మాట ఎప్పుడిన్నది గనుక! ఆకలైతే నడుస్తది. తాడు ఇప్పుండ్రి."

తాడు విప్పారు. సుక్కి గాలి వాసన చూసి నడిచింది. ఆమె అడుగుల చప్పుడు వినగానే దొడ్డిలోని మంద తడకను తోసుకొని వచ్చి ఆమె వెనుక చేరింది. మేకల వెనుక అజేంద్రుడు. పీఠం సిబ్బందిలో మేకల హోదా శిక్షణార్థుల కంటే తక్కువ కనుక, ఆయన వెనుక శిక్షణార్థులు, వారి వెనుక ఆచార్యులు, ఆ వెనుక సంచాలకులు, చిట్టచివర ముఖ్య సలహాదారు. బ్యాండు మళ్లీ మోగింది. ఊరేగింపు మహావైభవంగా కదిలింది.

సభామందిరం ద్వారం దగ్గర సుక్కి ఆగలేదు. వేదిక మీద పూలకుండీలను ఒక చూపు చూసి గుట్ట వైపు తిరిగింది. ఆమెను ఆపాలంటే ఎవరో ఒకరు ఆమెను దాటి ముందుకు పోవాలి. ఆమెను దాటినవాడు ఆమె కంటే అధముడవుతాడు. ముందువరుస శిక్షణార్థి వెనక్కి చూశాడు. వెనుక ఆచార్యుడు, అతని వెనుక సంచాలకులు, ప్రతి ముఖమూ వెనక్కే తిరిగి ఉన్నది. చిట్టచివర ముఖ్య సలహాదారు మాత్రం, తన వెనుక చూడడానికి ఎవరూ లేక, ముందుకు చూసి, "బాగున్నది, సాగనివ్వండి!" అన్నారు.

స్నాతకోత్సవం గుట్ట ఎక్కింది. పల్లేరుకాయలు పట్టు చెప్పుల్లోంచి గుచ్చుకున్నాయి. రేగుముళ్లు నల్లని అంగీలను చీల్చి పట్టభద్రులను గుర్తుపట్టరాకుండా చేశాయి. గట్టు దగ్గర మేకలు ఎగిరి దూకితే, అధికారులు ఎగరలేక, దొర్లి దిగారు. నల్లతుమ్మల కింద రాలిన కాయల దగ్గర సుక్కి ఆగింది. అందరూ ఆగారు. మేకలు వెనుక కాళ్ల మీద నిలబడి కొమ్మలందుకుంటుంటే సంచాలకులు ఆ విరామంలోనే పట్టాలు ప్రదానం చేశారు. వాటిలో కొన్నింటిని మేకలు మూతితో పరీక్షించి, రుచి చూడకుండానే వదిలేశాయి.

పొద్దు వాలుతుండగా సుక్కి ఇంటిదారి పట్టింది. ఇల్లంటే ఐలవ్వ దొడ్డి. తడక తీసి ఉన్నది. సుక్కి లోపలికి పోయింది. మేకలు పోయాయి. అజేంద్రుడు పోయాడు. శిక్షణార్థులు, ఆచార్యులు, సంచాలకులు వరుస తప్పకుండా లోపలికి పోయారు. చివరగా ముఖ్య సలహాదారు ప్రవేశించగానే, దారంతా ఊరేగింపు పక్కనే నడిచివచ్చిన ఐలవ్వ రోజూ చేసినట్టే తడక వేసి, ముళ్లకంప అడ్డం పెట్టింది.

ఆ కిక్కిరిసిన దొడ్డిలో, మోకాళ్ల దగ్గర మేకపిల్లలు తడుముతుండగా, ముఖ్య సలహాదారు ప్రసంగించారు. "నా సుదీర్ఘ సేవాకాలంలో ఇట్టి దృశ్యం చూడలేదు. నేను అందరికంటే వెనుక ఉన్నాను. నా ముందు యంత్రాంగం మొత్తం ఒక్క ప్రశ్న కూడా లేకుండా నడిచింది. ఎక్కడికి నడిచిందని అడుగకండి. నడిచింది! ఈ పద్ధతిని రాష్ట్రమంతటా అమలుపరచండి."

అమలుపరచారు. అన్ని హోదాలకూ కిందుగా 'అధమాగ్రణి' అనే పదవి ఒకటి సృష్టించి, దానిలో సుక్కిని నియమించారు. ఆ పదవికి పదోన్నతి లేదు. పదోన్నతి ఇస్తే ఆమె వెనక్కి రావాలి, ముందు నడిచేవారుండరు. పదవీ విరమణ లేదు. విరమణ ఇస్తే ఆ స్థానానికి మరొకరు దరఖాస్తు పెట్టుకోవాలి, అంతటి అధముణ్ణని ఒప్పుకునే మనిషి ఇంతవరకు దొరకలేదు. జలంధరరావుగారి నాలుగవ పొడిగింపు సుక్కి నడిచినంతకాలం చెల్లుతుందని ఉత్తర్వు. అందుకని ప్రతి ఉదయం ఆయనే స్వయంగా అవిసె కొమ్మ తెచ్చి, నేలకు తగలకుండా, ఆమె మూతికి అందేంత ఎత్తున పట్టుకొని నిలబడతారు.

"బతికున్నప్పుడు మా అత్త ఇల్లొక్కటే తిప్పేది సారూ" అని ఐలవ్వ ఆయనకు రోజూ చెబుతుంది. "ఇప్పుడు సూడుండ్రి. జర కొమ్మ ఇంక పైకి పట్టుండ్రి, దానికి మెడ నొస్తది."

పరిపాలన ఏ దిక్కుగా సాగుతున్నదో తెలియడం లేదని పత్రికలవారు అప్పుడప్పుడు వాపోతుంటారు. అందులో రహస్యమేమీ లేదు. నల్లతుమ్మ కాయలు ఎటువైపు రాలాయో వెళ్లి చూసుకోవచ్చు.